ఆవిడ తరఫు ఎవరు?

"నీకేంటమ్మా, అన్నీ తీసేశారుగా, హాయిగా ఉన్నావు. ఆ బియ్యం బస్తా కాస్త లోపల పెట్టెయ్," అన్నారు అత్తగారు.

బస్తా పొద్దున్నుంచీ గుమ్మంలోనే ఉంది. అందరూ దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నారు తప్ప ఎవరూ చెయ్యి వేయలేదు. భర్తకి నడుం నొప్పి. ఫ్రిజ్‌లు అమ్మే షాపులో రోజంతా నిలబడి ఉంటాడు కాబట్టి ఇంట్లో వంగకూడదు. మేడ మీద ఉండే తోడికోడలికి ఆ మూడు రోజులు, మరిది ఊళ్ళో లేడు. అత్తగారికి మోకాళ్ళు. ఇక మిగిలింది ఆవిడ. పన్నెండేళ్ళ క్రితం గర్భసంచి తీసేసిన నాటినుంచీ ఆ ఇంట్లో బరువులన్నీ ఆవిడ వాటా అయిపోయాయి. నీళ్ళ డబ్బాలు, గ్యాసు బండ, పరుపులు ఎండేయడం, ఫ్యాన్లు తుడవడం, ఏదైనా సరే. మిగతా ఆడవాళ్ళకి నెలకి కొన్ని రోజులైనా నడుం వాల్చే వీలుంది. ఆవిడకి ఆ నొప్పి లేదు కాబట్టి ఆ సెలవూ లేదు. "ప్రమోషన్ అనుకో," అన్నాడు భర్త అప్పట్లో. జీతం లేని ప్రమోషన్ ఆయన షాపులో ఎవరికైనా ఇస్తే ఒంటికాలి మీద లేచేవాడు.

బస్తాని వంటింట్లోకి ఈడ్చి, చేతులు దులుపుకుని, ఆవిడ పనికి వెళ్ళిపోయింది.

పని అంటే డ్రైవింగ్ స్కూల్లో. కార్లో నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని నేర్పడం. ఆ పక్క సీటు కింద కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చూ ఉంటాయి. పదిహేనేళ్ళుగా ఆవిడ కాలు ఆ బ్రేకు మీదే ఉంది. ఇంట్లో టీవీలో కారు వేగంగా వెళ్తున్నా కాలు దానంతటదే నేలని తొక్కుతుంది. అందుకే శిష్యురాళ్ళు ఆవిడకి 'బ్రేకమ్మ' అని పేరు పెట్టారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత అలవాటైపోయింది, ఆ పైన ఇష్టం కూడా కలిగింది. ఇంట్లో 'ఏమేవ్', 'అమ్మాయ్', 'ఇదిగో' తప్ప వేరే పేరు లేని మనిషికి సొంతంగా సంపాదించుకున్న పేరు అదొక్కటే.

స్కూలు ఓనరు భర్తకి స్నేహితుడు. పొద్దున తొలి బ్యాచీ, సాయంత్రం ఆఖరి బ్యాచీ ఎప్పుడూ ఆవిడ నెత్తినే రుద్దుతాడు. "మిగతా ఇన్‌స్ట్రక్టర్లు ఆడపిల్లలు మేడమ్, నెలనెలా వాళ్ళకేవో ఇబ్బందులు. మీకా గొడవ లేదుగా," అన్నాడు ఒకసారి. ఈయనకెలా తెలుసని ఆవిడ నివ్వెరపోయింది. భర్త టీ తాగుతూ చెప్పాడట. తన కడుపులో ఏముందో, ఏం లేదో టీ బంకు దాకా తెలుసన్నమాట. ఆ రోజు ఆవిడకి ఎంత సిగ్గేసిందంటే, తప్పు తనదైనట్టు రెండు రోజులు ఓనరు మొహం చూడలేకపోయింది.

ఈమధ్య చేరిన శిష్యురాళ్ళలో ఒక ల్యాబ్ డాక్టరు ఉంది. రోజంతా గాజు పలకల మీద కణాలు చూసి, ఏది మంచిది, ఏది చెడిపోతోంది అని తేల్చే ఉద్యోగం. బ్రేకమ్మ ఆమెని స్లైడ్ డాక్టరు అని పిలిచేది. "కంటికి ఆనని కణాన్ని పట్టేస్తాను గానీ, ఎదురుగా లారీ వస్తే నాకేం కనపడదు మేడమ్," అనేది ఆ అమ్మాయి.

"కనపడుతుంది. నువ్వు అద్దాన్ని నమ్ముకుంటున్నావు, అదీ నీ జబ్బు. అద్దంలో పట్టని చోటొకటి ఉంటుంది. తల తిప్పి చూడు!" అని గదిమేది బ్రేకమ్మ. ఎంతమందికి నేర్పినా రోజూ అరవాల్సిన మాట అదే.

ఆ రోజు ఫ్లై ఓవర్ ఎక్కుతుంటే నడి ఎత్తులో స్లైడ్ డాక్టరు బండి ఆపేసింది. ముందు వాహనాలన్నీ నిలిచిపోయాయి. బ్రేకమ్మ తన వైపు బ్రేకు తొక్కి పట్టుకుంది.

"సారీ మేడమ్. నిన్న కూడా రాలేకపోయాను. కడుపు నొప్పి."

"నాకా గొడవ ఎప్పుడో వదిలిందమ్మా. గడ్డలున్నాయని సంచి తీసేశారు."

"అవునా? మరి టెస్టు ఆఖరిసారి ఎప్పుడు చేయించుకున్నారు?"

"ఏం టెస్టు?"

"గర్భసంచి ముఖద్వారం టెస్టు. క్యాన్సర్ వచ్చే సూచనలేమైనా ఉన్నాయా అని చూస్తారుగా."

బ్రేకమ్మ నవ్వింది. "అన్నీ తీసేశారంటుంటే!"

"అన్నీ అంటే ఏవేవి?" అంది స్లైడ్ డాక్టరు. స్టీరింగ్ దగ్గర అదిరే గొంతు ఇప్పుడు అదరలేదు. "సంచి ఒక్కటేనా, కింద ముఖద్వారం కూడానా? అండాశయాలు ఉంచారా, తీశారా? కొన్ని ఆపరేషన్లలో పై భాగమే తీసి ముఖద్వారం వదిలేస్తారు మేడమ్. అలా వదిలేస్తే దానికి క్యాన్సర్ ముప్పు అందరు ఆడవాళ్ళకి ఉన్నట్టే ఉంటుంది, ఏళ్ళు గడిచాక కూడా. టెస్టులు మానకూడదు. ఏం మిగిల్చారో తెలిస్తేనే ఏం చూసుకోవాలో తెలుస్తుంది."

బ్రేకమ్మ డాష్‌బోర్డు వైపు చూసింది. ఈ కారులో ఏ మర ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇంజన్ చప్పుడు విని ఏ బెల్టు అరిగిందో చెప్పగలదు. తన ఒంట్లో ఏముందో తనకి తెలియదు. ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. వెనక హారన్లు మోగాయి. స్లైడ్ డాక్టరు కంగారుగా క్లచ్ వదిలింది. బండి మళ్ళీ ఆగిపోయింది. ఆ రోజు బ్రేకమ్మ ఆమెని ఒక్క మాట కూడా అనలేదు.

ఇంకో సంగతి ఆవిడ ఆ అమ్మాయితో చెప్పలేదు. ఆర్నెల్లుగా అప్పుడప్పుడూ లోదుస్తుల మీద తుప్పు రంగు మరక కనపడుతోంది. రోజంతా వేడి సీట్లో కూర్చోవడం వల్లేమో అనుకుంది. ఒకసారి భర్త చెవిన వేస్తే ఆయన పడీపడీ నవ్వాడు. "సంచే లేనిదానికి నెలసరేంటే? ఎవరైనా వింటే నవ్విపోతారు." ఎవరైనా వింటే నవ్విపోతారన్న ఆ మాటకే ఆవిడ నోరు మూసుకుంది. మరకలు పడ్డవాటిని విడిగా ఉతుక్కుని, తువ్వాలు కింద దాచి ఆరేసుకుంది. ఇప్పుడా మరకలన్నీ వరసగా గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం అందరూ భోజనాల దగ్గర ఉండగా అడిగేసింది. "నాకు ఆపరేషన్లో ఏమేం తీశారు?"

భర్త ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "ఇప్పుడెందుకా గోల? అన్నీ తీసేశారు. మేం చూశాంగా."

"ఏం చూశారు?"

అప్పుడు బయటపడింది సంగతి. ఆపరేషన్ అయ్యాక నర్సు ఒక స్టీలు ట్రే పట్టుకుని థియేటర్ తలుపు తీసి "ఆవిడ తరఫు ఎవరు?" అని పిలిచిందట. బెంచీల మీద ఉన్నవాళ్ళందరూ లేచారట. తీసిన సంచిని ట్రేలో పెట్టి చూపించిందట.

"ఇంత ఉంది," అని భర్త గుప్పిట చూపించాడు.

"గుప్పెడేంట్రా, పెద్ద బత్తాయంత ఉంటేనూ," అన్నారు అత్తగారు. "గడ్డలు కూడా కనపడ్డాయి. నేను దగ్గరికి వెళ్ళి చూశాను."

"నాకైతే కళ్ళు తిరిగాయి అక్కా," అంది తోడికోడలు. ఆమె అప్పుడు కొత్త కోడలు. "కానీ చూశాను. మా ఆయన కూడా చూశారు. డ్రైవింగ్ స్కూల్ ఓనర్ గారు ఫ్లాస్కుతో టీ తెచ్చారు కదా, ఆయన కూడా..."

బ్రేకమ్మ చేతిలో గరిటె కింద పెట్టేసింది. "ఓనరు కూడా చూశాడా?"

"అక్కడే ఉన్నాడు మరి. కళ్ళు మూసుకోమంటామా?" అన్నాడు భర్త.

"నాకెందుకు చూపించలేదు?"

"నువ్వు మత్తులో ఉన్నావు."

"తెలివొచ్చాక?"

"అదేమన్నా చూడాల్సిన వస్తువా?"

"మరి మీరంతా ఎందుకు చూశారు?"

అత్తగారు పచ్చడి గిన్నె దగ్గరికి లాక్కున్నారు. ఆవిడే మళ్ళీ అడిగింది. "సరే, దాని కింద ముఖద్వారం అని ఉంటుందట. అది కూడా ఆ ట్రేలో ఉందా?" భర్త తల్లి వైపు చూశాడు. తల్లి చిన్నకోడలి వైపు చూశారు. తోడికోడలు మంచినీళ్ళు తాగింది. అందరూ చూశారు గానీ ఏం చూశారో ఒక్కరికీ తెలీదు. ఆ ఆసుపత్రి మూసేసి చాలాకాలమైంది. కాగితాలు ఇల్లు మారినప్పుడు ఎటు పోయాయో పోయాయి.

గిన్నెలు తోముతూ ఆవిడ తనలో తను మండిపోయింది. ఇద్దరు బిడ్డల్ని మోసిన సంచి అది. ఇప్పుడా పిల్లలు చదువులకి వెళ్ళిపోయి ఫోన్‌లో 'అమ్మా బిజీ' అంటున్నారు, అది వేరే సంగతి. ఆ సంచి వల్ల నొప్పి పడింది తను, రక్తం పోయింది తనకి, చివరికి అది వెళ్ళిపోతుంటే చూసింది మాత్రం ఊరంతా. ఆఖరికి స్కూలు ఓనరు టీ కప్పులు పంచుతూ చూశాడు. ఆ ట్రే చూసిన ధైర్యంతోనే కదా పన్నెండేళ్ళు 'నీకేంటి, అన్నీ తీసేశారు' అని బస్తాలు మోయించారు! మేం చూశాం కాబట్టి నీకు నొప్పి లేదు. మేం చూశాం కాబట్టి ఆ మరక అబద్ధం. తనూ తక్కువది కాదు. వాళ్ళు చూశామంటే నమ్మేసింది. రోజూ అందరినీ తల తిప్పి చూడమని అరిచే మనిషి తన విషయంలో ఒక్కసారి కూడా తల తిప్పలేదు. గిన్నె మీద ఉన్న నల్లటి మాడు వదిలేదాకా తోముతూనే ఉంది.

"లేని రోగం కొనితెచ్చుకోకు," అన్నాడు భర్త మర్నాడు. "ఆ డాక్టరమ్మ నీ దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవడానికొచ్చిందా, నీకు భయాలు నేర్పడానికొచ్చిందా?"

"రెండూనూ," అంది ఆవిడ.

స్కూల్లో ఆసుపత్రికి సెలవంటే ఓనరు ముక్కు చిట్లించాడు. "మీకేంటి మేడమ్ సెలవు?"

"అడగట్లేదండీ, చెబుతున్నాను," అని స్కూలు కారు తాళాలు టేబుల్ మీద పెట్టి వచ్చేసింది. మెట్లు దిగుతుంటే భయమేసింది. కానీ ఆ భయంలో ఏదో మజా కూడా ఉంది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ పరీక్ష చేసి చల్లగా చెప్పింది. "ముఖద్వారం ఉందమ్మా. అండాశయాలు కూడా ఉన్నాయి. పైన సంచి ఒక్కటే తీశారు. ఇన్నేళ్ళూ ఎక్కడా చూపించుకోలేదా?"

"అన్నీ తీసేశారన్నారండీ."

"ఎవరు?"

"చూసినవాళ్ళు."

టెస్టులో తేడా వచ్చింది. దగ్గరగా చూడాలని మళ్ళీ పిలిచారు. ఆ రోజు బల్ల మీద పడుకుని ఉంటే డాక్టరమ్మ పెద్ద దుర్భిణి లాంటి దానిలోంచి చూస్తోంది. పక్కనే ఒక తెర మీద ఏదో వెలుగుతోంది. నర్సు అది చూస్తోంది, జూనియర్ డాక్టరు అది చూస్తోంది. మళ్ళీ అందరూ చూస్తున్నారు. బ్రేకమ్మకి కనపడుతున్నది పైకప్పు మీద తేమ మరక మాత్రమే.  తల ఎత్తి అడిగింది.

"డాక్టరుగారూ, ఆ తెర ఇటు తిప్పిస్తారా?"

"చూడగలరా?"

"నాదేగా."

నర్సు తెర తిప్పింది. గులాబీ రంగులో గుండ్రంగా, తడిగా, నిబ్బరంగా ఉందది. భయంకరంగా ఏమీ లేదు. డాక్టరమ్మ ఏదో ద్రవం అద్దితే ఒక పక్కన కొంచెం మేర తెల్లగా తేలింది. ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నావా, పిచ్చిదానా, అనుకుంది ఆవిడ. అందరూ నువ్వు లేవన్నారు, నేను కూడా. పాపం, ఆర్నెల్లుగా మరకలు పెట్టి పిలుస్తూనే ఉన్నావు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి, ఆవిడ తుడుచుకోలేదు.

ముక్క తీసి పంపితే జవాబు వచ్చింది. క్యాన్సర్ కాదు. కానీ దానికి ముందు మెట్టు. వదిలేస్తే కొన్నేళ్ళలో ఆ మెట్టు ఎక్కేసే అవకాశం గట్టిగా ఉంది. చెడిన మేర వరకూ కరెంటుతో వేడెక్కిన సన్నటి తీగతో కత్తిరించి తీసేస్తే సరిపోతుంది, మత్తు కూడా అక్కర్లేదు, ఆ చోటు మాత్రం మొద్దుబారేలా సూది వేస్తారు. డాక్టరమ్మ ఇదంతా చెప్పాక ఆవిడ ఇంటి పాత కారులో కూర్చుని, అద్దాలు ఎత్తి, స్టీరింగ్ మీద తల పెట్టి భోరున ఏడ్చింది. భయంతో సగం. మిగతా సగం ఏమిటో ఆవిడకి వెంటనే తెలియలేదు. ఇంటికి వచ్చే దారిలో, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తెలిసింది. అది సంతోషం. తను అనుకున్నది నిజమైంది. ఎవరూ నమ్మని తన ఒళ్ళు నిజం చెప్పింది.

ఇంట్లో చెప్తే భర్త కుర్చీలో కూలబడ్డాడు. "నేను నవ్వాను కదే ఆ రోజు," అన్నాడు. ఆవిడ కాదనలేదు, ఓదార్చనూ లేదు.

చికిత్స రోజున అందరూ బయల్దేరారు. భర్త, అత్తగారు, తోడికోడలు. వద్దన్నా వినలేదు. బయట వరుసగా కుర్చీల్లో కూర్చున్నారు. లోపల సూది చురుక్కుమంది, తర్వాత నొప్పేం తెలియలేదు. చిన్న రొద, కాలిన వాసన. "అయిపోయిందమ్మా," అంది డాక్టరమ్మ. నర్సు ఒక చిన్న సీసా పట్టుకుని వెళ్ళి తలుపు ఓరగా తీసింది.

"ఆవిడ తరఫు ఎవరు?"

బయట కుర్చీలు కిర్రుమన్నాయి. భర్త గొంతు వినపడింది, "మేమేనండీ, వస్తున్నాం." బ్రేకమ్మ కాలు బల్ల మీదే గట్టిగా తొక్కింది, కింద బ్రేకు ఉన్నట్టే.

"సిస్టర్! ఆగండి. తలుపు వెయ్యండి," అంది. తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆవిడకే తెలీదు. "నా తరఫున నేనే ఉన్నాను. అది ఇటు తెండి."

నర్సు డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుకుంటూ తల ఊపింది. తలుపు పడింది. నర్సు సీసా తెచ్చి ఆవిడ చేతిలోనే పెట్టింది. నీళ్ళ లాంటి మందులో గోరంత ముక్క తేలుతోంది. ఇంతేనా అనిపించింది. ఆవిడ దాన్ని వెలుగుకి ఎత్తి పట్టి, తనకి చాలనిపించేదాకా చూసింది. ఎవరూ తొందర పెట్టలేదు. తర్వాత సీసా తిరిగి ఇచ్చి, "ఇప్పుడు టెస్టుకి పంపండి," అంది.

అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. చెడినదంతా వచ్చేసింది. "అయిపోయిందని మర్చిపోకండి. పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి, చాలా ఏళ్ళు," అంది డాక్టరమ్మ. వస్తానంది. ఆ మాట ఆవిడకి శిక్షలా వినపడలేదు.

బియ్యం బస్తా మళ్ళీ వచ్చింది. మళ్ళీ గుమ్మంలోనే ఆగింది. అత్తగారు అలవాటుగా నోరు తెరిచి ఆపుకున్నారు.

"నాకన్నీ తీసేయలేదండీ అత్తయ్యా," అంది బ్రేకమ్మ పేపరు తిరగేస్తూ. "ఇంకా మిగిలే ఉన్నాయి. డాక్టరమ్మ రాసిచ్చింది. మీ అబ్బాయికి మాత్రం ఏ సంచీ లేదు, మొదటినుంచీ."

తోడికోడలు మేడ మెట్ల మీద కూర్చుని కిసుక్కున నవ్వింది. భర్త కాసేపు అటూ ఇటూ చూసి, బస్తాని భుజానికెత్తుకున్నాడు. నడుం బానే ఉంది. స్కూల్లో పొద్దున బ్యాచీలు అందరికీ వంతులు వేశారు. ఓనరుకి ఆ జ్ఞానం ఊరికే రాలేదు. నా ఒంటి సంగతి మీ నోట ఇంకొక్కసారి వస్తే మీ స్కూలు బండి దిగిపోతాను, నా శిష్యురాళ్ళూ దిగిపోతారు అని ఆవిడ నలుగురి ముందూ చెప్పింది. స్లైడ్ డాక్టరు లైసెన్సు టెస్టు మొదటిసారే పాసైంది. ఎత్తులో ఆపి, వెనక్కి జారకుండా ఎక్కించింది. ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి గంతులేశారు.

ఒక మధ్యాహ్నం ఆవిడ వాకిట్లో కారు కడుగుతుంటే అత్తగారు మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డారు.  గొట్టం కాసేపు తను పట్టుకుంటానన్నారు. పట్టుకుని ఒకే చక్రం మీద నీళ్ళు పోస్తూ నిలబడ్డారు.

"నాకూ చేశారుగా," అన్నారు చివరికి. "నీకంటే చిన్న వయసులో. అన్నీ తీసేశారన్నారు. నేనూ చూడలేదే."

"ఎవరు చూశారు?"

"మీ మావయ్య." నీళ్ళు కారిపోతున్నాయి. "చూసినాయన పోయారు. నాలో ఏం ఉందో ఇప్పుడు ఎవరికీ తెలీదు."

బ్రేకమ్మ అత్తగారి వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ తన చేత బస్తాలు మోయించిన మనిషి. పన్నెండేళ్ళ క్రితం 'నేను చేయించుకోలేదా, ఏమైంది' అని తనని ఆపరేషన్‌కి పంపిన మనిషి. కోపం ఎక్కడో ఉంది, పోలేదు. కానీ ఆ మొహంలో ఉన్న భయం తనకి బాగా తెలిసిన భయం. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, కారు ముందు తలుపు తీసింది. అది ఎప్పుడూ భర్త కూర్చునే సీటు.

"ఎక్కండి అత్తయ్యా."

ఆసుపత్రిలో వాళ్ళ వంతు వచ్చేసరికి అదే నర్సు బయటికొచ్చి, "పెద్దావిడ తరఫు ఎవరు?" అంది. కొడుకు పక్కన లేకుండా ఆసుపత్రిలో ఒక్క మాట మాట్లాడి ఎరగని అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, చేతిసంచి కోడలి ఒళ్ళో పెట్టి లేచారు.

"నా తరఫున నేనేనమ్మా. ఈవిడ నా డ్రైవరు."

నాలుగడుగులు వేసి, తలుపు దగ్గర ఆగి, తల తిప్పి చూశారు. "ఆ తెర ఇటు తిప్పమని ఎలా అడగాలే?" అన్నారు గుసగుసగా.

"అడగక్కర్లేదు అత్తయ్యా," అంది బ్రేకమ్మ. "తిప్పమనండి."